టాట్నెల్ గారి పొయ్యి

ఎల్డర్‌కూంబ్ పట్టణం పార్లమెంటుకి పంపిన మనుషుల్లో పనికొచ్చినవాళ్లు తక్కువే. అయినా జర్వేస్ టాట్నెల్ అంత పనికిమాలినవాణ్ని ఇంకెవర్నీ పంపలేదని సంతరోజున బీరు దుకాణంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పంపింది కూడా ఒకసారి కాదు, మూడుసార్లు. అదీ మా ఊరి తెలివి.

మనిషి మాత్రం చూడ్డానికి బాగుండేవాడు. పొడుగు, ఎర్రటి రంగు, తీర్చిదిద్దిన ముక్కు. గొంతు విప్పితే చర్చిలో కిటికీ అద్దాలు అదిరేవి. ఆ గొంతు ఎవరో మంచివాడికి ఇవ్వబోయి దేవుడు పొరపాటున ఈయనకి ఇచ్చాడని రంగులద్దే వీధిలో ఆడవాళ్లు అనేవారు. తండ్రి పక్కూళ్లో తోలు చేతితొడుగులు కుట్టేవాడు. సూది పట్టడం నామోషీ అని కొడుకు ఒక లాయరు దగ్గర చేరి, సిరా కలుపుతూ, లాటిన్ ముక్కలు కొన్ని ఏరుకున్నాడు. కొన్నే. కానీ చచ్చేదాకా వాటినే తిప్పి తిప్పి వాడుకున్నాడు.

ఏదో బట్టల వ్యాపారి వ్యాజ్యం పనిమీద మా ఊరొచ్చి, పర్కిస్ గారమ్మాయి థామసీన్‌ని చూశాడు. పర్కిస్ గారు ఉన్నికి నీలం రంగు అద్దేవాడు. మంచంపట్టి ఉన్నాడప్పుడు. భార్య ఎప్పుడో పోయింది, మగపిల్లాణ్ని కని. ఆ పిల్లాడే జాబ్. వాణ్ని పాలుతాగే వయసునించీ పెంచింది థామసీనే. వాడు ఆమెని అక్కా అని పిలిచేవాడు గానీ, జ్వరం వస్తే అమ్మా అనేవాడు.

"నువ్వూ నీ తమ్ముడూ ఇక నా పూచీ," అన్నాడు జర్వేస్, ఆ గొంతుతో. నమ్మకేం చేస్తుంది పాపం.

పెళ్లయ్యాక తెలిసింది, దొరగారికి ఇల్లు లేదు. పూచీ తీసుకున్నవాడే పెట్టె పట్టుకుని పర్కిస్ ఇంట్లో దిగాడు. ముసలాయన పోతూ పోతూ ఇల్లూ, రంగు తొట్లూ, పొయ్యీ కొడుకు జాబ్ పేర రాసిపోయాడు. జర్వేస్ ఇల్లరికం అల్లుడిగా మిగిలాడు. ఆ మాట ఎవరైనా అంటే ముఖం కందగడ్డ అయ్యేది. జాబ్ మాత్రం ఎన్నడూ అనలేదు. పెద్దవాడై, మోచేతుల దాకా నీలం రంగుతో పని నుంచి వచ్చి, "బావా, నువ్వు ఆ పెద్ద కుర్చీలో కూర్చో, నాకు బల్ల చాలు" అనేవాడు. బావగారు కూర్చునేవారు. ఒక్కసారి కూడా వద్దనలేదు.

రాజకీయాల్లోకి రావడం కూడా అలాగే జరిగింది. ఎవరో కుర్చీ చూపించారు, ఈయన కూర్చున్నాడు. కొండమీద బంగళాలో ఉండే సర్ లయనెల్‌కి తను చెప్పిన చోట తలాడించే మనిషి ఒకడు పార్లమెంటులో కావలసివచ్చింది. అలా మొదటిసారి లండన్ వెళ్లాడు. జుట్టు భుజాల దాకా పెంచి, రాజుగారి పేరెత్తితే టోపీ తీసేవాడు. తరవాత రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. సర్ లయనెల్ రాజు వైపు గుర్రమెక్కాడు. జర్వేస్‌కి కడుపునొప్పి వచ్చింది. ఎవరు గెలుస్తారో తేలేదాకా ఆ నొప్పి తగ్గలేదు. సర్ లయనెల్ ఏదో బురదపొలంలో ప్రాణం వదిలాడని కబురు వచ్చిన వారంలోనే ఈయన లేచి కూర్చుని, గెలిచిన పార్లమెంటువాళ్ల తీరున జుట్టు చెవులపైకి కత్తిరించుకుని, నల్ల కోటు తొడుక్కుని, సోదరులారా అని మొదలుపెట్టాడు.

చర్చిగోడ మీద రాజముద్ర ఉండేది. సింహం, కొమ్ముగుర్రం, కిరీటం. రాజు ఓడి తల పోగొట్టుకున్నాక, దాని మీద సున్నం కొట్టమని హుకుం తెచ్చినవాడు టాట్నెల్. తొలి పూత తనే వేశాడు, పదిమందీ చూస్తుండగా. ఏళ్లు గడిచి, కొత్త రాజు సముద్రం దాటి వచ్చాడని గంటలు మోగినప్పుడు, అదే గోడ దగ్గర నిచ్చెనెక్కి గోళ్లతో సున్నం గీకినవాడూ టాట్నెలే. "లోపల సింహం క్షేమంగా ఉంది, చూశారా! నేనే కాపాడాను!" అని పైనించి అరిచాడు. కింద జనం మొహమొహాలు చూసుకున్నారు. సిగ్గన్నది మనిషికి పుట్టుకతో రావాలి గానీ, నేర్పితే వచ్చేది కాదు.

మధ్యలో, రాజు లేకుండా పార్లమెంటు సైన్యాధిపతి దేశాన్ని ఏలిన రోజుల్లో కూడా ఈయన సభలోనే ఉన్నాడు. ఏం చేశాడని అడక్కండి. అన్నేళ్లలో నోరు విప్పింది ఒక్కసారి. వెనక కిటికీలోంచి చలిగాలి కొడుతోంది, మూయించమని. అది కూడా ఎవరికీ వినపడలేదట. ఇంటికొచ్చి మాత్రం, "గాలి విషయంలో సభని నిలదీశాను" అని చెప్పుకున్నాడు.

థామసీన్ మొదట్లో ఇవన్నీ నమ్మింది. కాలర్లకి గంజిపెట్టి ఇస్త్రీ చేస్తూ, నా మొగుడు దేశం పని మీద వెళ్తున్నాడు అనుకునేది. తరవాత్తరవాత ఆ మనిషి లోపల వెతకడం మానేసింది. వెతికితే ఏమీ దొరకదని ఆమెకి అర్థమైపోయింది. దొంగ అయితే తిట్టొచ్చు, తాగుబోతు అయితే తలుపేసుకోవచ్చు. ఈయన ఏదీ కాడు. ఆమెకున్నదల్లా తమ్ముడు.

జాబ్ ఏ రాజు వచ్చినా ఒక్కలాగే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్లకుండా, నలుగురు నేతగాళ్లతో కలిసి రంగుకొట్టంలో తొట్ల మధ్య కూర్చుని ప్రార్థన చేసుకునేవాడు. మతగురువు లేడు, పుస్తకం లేదు. ఎవరికి ఏమి తోస్తే అది మెల్లగా దేవుడికి చెప్పుకోవడం, లేదా ఊరికే కూర్చోవడం. కొత్త రాజు వచ్చాక అలాంటి కూటాలు పనికిరావని ఉత్తర్వు వచ్చింది. అదే రోజుల్లో ఇంకో వదంతి కూడా వచ్చింది. పాత ప్రభుత్వంలో పెత్తనాలు చేసినవాళ్ల పేర్లు లండన్‌లో ఆరా తీస్తున్నారని. జర్వేస్‌కి మళ్లీ కడుపునొప్పి మొదలైంది. ఈసారి మంచం ఎక్కకుండా కానిస్టేబులు ఇంటికి నడిచాడు.

ఆ ఆదివారం జాబ్‌ని తొట్ల మధ్యనించి లేపి తీసుకెళ్లారు. వంతెన కింద ఏటిని ఒరుసుకుని ఉన్న చీకటికొట్టులో పెట్టారు. చలికాలం. ఆ గోడలకి ఎప్పుడూ చెమ్మే.

థామసీన్ ఇంటికొచ్చి తలుపేసి, మొగుడి ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పండి. తమ్ముణ్ని పట్టిచ్చింది మీరేనా?"

"పట్టివ్వడం ఏమిటే, ఆ మాటలేంటి? నలుగురికీ తెలిసిన సంగతే నేను ముందుగా చెప్పాను. నేను చెప్పకపోతే, వాడి కప్పు కింద ఉంటున్నావు, నీకు తెలీదా అని నన్ను అడగరూ?"

"వాడి కప్పు కింద ఉంటున్నారని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"అరవకు. గోడలకి చెవులుంటాయి. చూడు థామసీన్, మార్చిలో ఎన్నిక. నేను గెలిచానా, పార్లమెంటు సభ్యుణ్ని. నా మీద చెయ్యి వేసేవాడు ఉండడు. నేనొక్క మాట అంటే ఆ కొట్టు తలుపు తెరుచుకుంటుంది. ఓడిపోయాననుకో, నన్నూ పట్టుకెళ్లి వాడి పక్కనే కూర్చోబెడతారు. అప్పుడు వాణ్ని ఎవరు విడిపిస్తారు? నువ్వా?"

అందులో పాడు ఏమిటంటే, ఆ మాట అబద్ధం కాదు. ఊళ్లో ఇంకెవరికీ తలుపు తెరిపించే దారి లేదు.

"ముందు నా కుండ ఉడకనియ్యి. గెలిచిన సాయంత్రమే నీ తమ్ముడు ఈ బల్ల దగ్గర కూర్చుంటాడు. దేవుడి తోడు," అన్నాడు.

కుండ సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతా చోట్ల ఈ ఆచారం లేదట. ఎల్డర్‌కూంబ్‌లో ఓటు భూమిని బట్టి రాదు. సొంత పొయ్యి మీద సొంత కుండ ఉడికించుకుని తినే ప్రతి మగవాడికీ ఓటుంది. ఒకరి చేతికింద తినేవాడికి లేదు. అందుకని ఎన్నిక రోజు పొద్దున్నే ఎవరింటి పొయ్యిలోని నిప్పుని వాళ్లు వీధిలోకి తెచ్చి, గుమ్మం ముందు మూడుకాళ్ల ఇనప చట్రం వేసి, కుండ తగిలిస్తారు. పట్టణపెద్ద పొడుగాటి గరిటె పట్టుకుని వీధివీధీ తిరుగుతాడు. ప్రతి కుండలోంచీ ఒక గరిటె నోట్లో పోసుకుని "ఉడికింది" అంటాడు. అంటే ఆ ఇంటివాడికి ఓటుంది. నిలబడేవాళ్లకీ ఇదే రూలు. తన కుండ తను ఉడికించుకోలేనివాడు ఊరి తరపున ఏం మాట్లాడతాడని పెద్దల లెక్క. మధ్యాహ్నం గంట కొట్టేలోపు అంతా అయిపోవాలి.

జర్వేస్‌కి పోటీగా నిలబడ్డవాడు రిచర్డ్ స్టకీ. బార్లీ వ్యాపారి, నత్తివాడు, మంచివాడు. నేతగాళ్లంతా అతని వైపే. వాళ్లని తగ్గించడం ఎలాగా అని జర్వేస్ ఆలోచించాడు. ఆ బుర్ర మంచిపనికి తిరిగేది కాదు గానీ, ఇలాంటివాటికి తిరుగుతుంది. నేతగాళ్లలో చాలామంది అల్లుళ్ల ఇళ్లలో, అన్నల ఇళ్లలో సర్దుకుని ఉంటారు. ఒకే పొయ్యి మీద ఎవరి కుండ వాళ్లు తగిలించుకుంటారు. ఇన్నాళ్లూ కుండ ఉంటే చాలు, ఓటు ఇచ్చేవాళ్లు. జర్వేస్ వెళ్లి పట్టణపెద్ద బ్రైన్ చెవిలో నాలుగు లాటిన్ ముక్కలు ఊదాడు. కుండ ఒక్కటే సొంతమైతే చాలదు, పొయ్యి కూడా సొంతమవ్వాలి, పరాయి పొయ్యి మీద ఉడికిన కుండ కుండ కాదు అని. బ్రైన్ గారికి లాటిన్ అంటే భయం. మర్నాడే దండోరా వేయించాడు.

ముసలి గైల్స్ హాబ్డే అనే నేతగాడు ఎప్పట్నించో ఓటేస్తున్న మనిషి. భార్య పోయాక కూతురు డోర్కస్ ఇంట్లో ఉంటున్నాడు. కొత్త రూలు ప్రకారం ఆయనకి ఓటు పోయింది. ఇలాంటివాళ్లు వీధికి కొందరు.

సోమవారం ఎన్నిక అనగా ఆ ముందు వారమంతా థామసీన్ చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆమె గడప గడపా ఎక్కి మొగుడికి ఓటడిగింది. ఎవరికీ తల వంచని మనిషి. డోర్కస్ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి వాయించింది.

"ఏంటమ్మా థామసీన్, మీ ఆయన మా నాన్న ఓటు ఊడగొట్టి, మళ్లీ మా ఆయన ఓటుకి నిన్ను పంపాడా? తను రావడానికి కాళ్లు పడిపోయాయా?"

"నువ్వు ఎన్నైనా అను డోర్కస్. మా తమ్ముడు బయటికి రావాలి."

"వాణ్ని లోపలికి పంపిందెవరో తెలీకనే అడుగుతున్నావా?"

"తెలుసు. తెలిసే అడుగుతున్నాను."

డోర్కస్ చీపురు గోడకి ఆనించింది. "జాబ్ కోసం చెప్తాను మా ఆయనకి. నీ మొగుడి కోసం కాదు. ఆ మొహం చూస్తే నాకు తిన్నది అరగదు," అంది.

అలా ఆమె ముఖం చూసి, జాబ్ కోసం, ఓట్లు ఇటు తిరిగాయి. జర్వేస్ అద్దంముందు కొత్త లేసు కాలరు సరిచూసుకుంటూ, "చూశావా, జనానికి నేనంటే ఎంత ప్రేమో" అని చంకలు గుద్దుకున్నాడు.

రోజూ సాయంత్రం ఆమె చిన్న మట్టికుండలో వేడి జావ పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లేది. కొట్టు కాపలావాడు తలుపు సందులోంచి అందించేవాడు. జాబ్‌కి దగ్గు పట్టుకుంది. శుక్రవారం నాటికి గొంతు పోయింది. "సోమవారం దాకా ఓర్చుకో నాన్నా. సోమవారం సాయంత్రం ఇంట్లో ఉంటావు," అంది సందులోంచి. లోపల్నించి "అలాగే అక్కా" అన్నట్టు వినపడింది.

ఆదివారం సాయంత్రం వెళ్తే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"లోపల జ్వరాలమ్మా. ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఆ కుండ ఇలా ఇవ్వండి, నేనిస్తాను."

"ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడమ్మా. పడుకున్నాడు." కుండ అందుకుని, ఆమె వైపు చూడకుండానే లోపలికి పోయాడు.

సోమవారం తెల్లవారింది. రంగులద్దే వీధిలో గుమ్మం గుమ్మానికీ పొగ. ఎండుబఠాణీ, ఉల్లిగడ్డ, పంది కొవ్వు కలిసి ఉడుకుతున్న వాసన. థామసీన్ పొయ్యిలోని నిప్పంతా బయటికి తెచ్చి, పెద్ద ఇనప కుండ తగిలించి, బార్లీ, టర్నిప్పులు, దాచిపెట్టిన ఉప్పుమాంసం ముక్క అన్నీ వేసింది. తమ్ముడికి ఇష్టమైన వంట. సాయంత్రం వాడు వచ్చి తింటాడని ఆమె ధ్యాస. జర్వేస్ గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్లందరి చేతులూ పట్టుకుని ఊపుతున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని మధ్యమధ్యలో అడిగాడు కూడా.

బ్రైన్ గారు గరిటెతో వీధి మొదట్లోంచి వచ్చాడు. అప్పటికే సగం ఊరి కుండలు కడుపులో ఉన్నాయేమో, బెల్టు వదులు చేసుకుని ఆయాసపడుతున్నాడు. వెనక జనం. టాట్నెల్ గుమ్మం ముందు ఆగి గరిటె ముంచబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి పెద్దయ్యా," అన్నాడు గైల్స్ హాబ్డే, గుంపులోంచి ముందుకొచ్చి. "ఆ కుండ ఎవరిది?"

"ఎవరిదేంటి? టాట్నెల్ గారిది."

"సరే. పొయ్యి ఎవరిది?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. అది పర్కిస్ ఇల్లు, జాబ్ పొయ్యి అని పాలుతాగే పిల్లలకీ తెలుసు. తెలిసి తెలిసి ఇరవయ్యేళ్లుగా చూస్తూ, ఎవరికీ తట్టలేదు. రూలు పెట్టించినవాడికి అసలు తట్టలేదు. పెద్ద కుర్చీలో అన్నాళ్లు కూర్చున్నాక అది తనదే అనుకోవడం అలవాటైపోయింది.

"మేమంతా ఒకటే కుటుంబమయ్యా!" అన్నాడు జర్వేస్ నవ్వి. "బావా బావమరుదుల మధ్య పొయ్యి లెక్కలేమిటి?"

"మామా అల్లుళ్ల మధ్య ఉన్నాయి కదా మరి? నేనూ మా అల్లుడూ పరాయివాళ్లమైపోయాం కదా?" అన్నాడు గైల్స్. జనంలో నవ్వులు లేచాయి. వెనకనించి ఎవరో "ఇల్లరికం!" అని కేకేశారు.

బ్రైన్ గారు చెమట తుడుచుకుని థామసీన్ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు అబద్ధం ఆడేదానివి కాదు. నువ్వే చెప్పు. ఈ పొయ్యి ఎవరిది?"

జన్మలో అబద్ధమాడని మనిషి ఆమె. గరిటె కిందికి దిగకపోతే సాయంత్రం తలుపు తెరుచుకోదు. అదొక్కటే ఆమెకి కనపడుతోంది.

"మా ఆయనదేనండీ," అంది.

"బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమనండి," అన్నాడు గైల్స్. పాపం ముసలాయన గొంతు కూడా మెత్తబడింది. కానీ వెనక్కి తగ్గలేదు.

బైబిలు తెచ్చారు. థామసీన్ చేతులు పైబట్టకి తుడుచుకుని ముందుకొచ్చింది. దేవుడి పుస్తకం మీద అబద్ధప్రమాణం అంటే ఆమెకి ఏమిటో మా ఊరందరికీ తెలుసు. తమ్ముడి కోసం ఆ నరకానికి కూడా సిద్ధపడి చెయ్యి చాచింది.

జర్వేస్‌కి ఇక్కడ భయం పట్టుకుంది. పెళ్లాం ఆత్మ గురించి కాదు. దొంగప్రమాణం బయటపడితే ఎన్నిక కొట్టేస్తారని. పైగా తన దగ్గర అంతకంటే గట్టి ముక్క ఉంది. ఆ ముక్క వాడాలని నోరు దురద పెట్టింది.

"ప్రమాణాలేమీ అక్కర్లేదు!" అన్నాడు రొమ్ము విరుచుకుని, చర్చి అద్దాలు అదిరే ఆ గొంతుతో. "పొయ్యి నాదే. నిన్న పొద్దుటినించీ చట్టప్రకారం నాదే! జాబ్ పర్కిస్ చచ్చిపోయాడు. పిల్లలు లేరు. వారసురాలు అక్క. అక్క ఆస్తి మొగుడిది. ఇంకేం కావాలి? ముంచండి గరిటె!"

ఆయన నవ్వుతూ చుట్టూ చూశాడు. ఎవరైనా చప్పట్లు కొడతారనుకున్నాడేమో.

బ్రైన్ గారు గరిటె వెనక్కి తీసుకున్నాడు.

"నిన్న పొద్దున్నా?" అంది థామసీన్.

"నీకు చెబుదామనే అనుకున్నానే. ఇవాళ గంట కొట్టగానే..."

"నిన్న సాయంత్రం నేను వాడికి జావ తీసుకెళ్లాను."

"తెలిస్తే నువ్వు వంట చెయ్యవు కదా," అన్నాడు జర్వేస్. ఆ ముక్క ఆయన నోటే వచ్చింది, ఎవరూ కల్పించింది కాదు.

ఆమె పైబట్టని కుండ పిడికి చుట్టి, చట్రం మీదనించి లేపి, ఉన్నదున్నట్టు నిప్పుల మీద బోర్లించింది. బుస్సుమని ఆవిరి లేచి ఇద్దర్నీ కమ్మేసింది. బార్లీ, టర్నిప్పు ముక్కలు, ఉప్పుమాంసం రాళ్లమీద పారాయి.

"కుండ!" అని అరిచాడు జర్వేస్. పెళ్లాం చేతులు కాలాయేమో అని చూడలేదు. "బ్రైన్ గారూ, మీరు రుచి చూసినట్టే రాసుకోండి..."

"నేను చూడలేదండీ," అన్నాడు బ్రైన్. మెతకమనిషి, కానీ ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు. "గంట కొట్టడానికి ఇంకా టైముంది. ఇంకో కుండ పెట్టుకోండి. అప్పుడు చూద్దాం."

పెట్టుకోవడానికి నిప్పేది? ఇంట్లోది మొత్తం బయటికి తెచ్చారు, బయటిది ఆరిపోయింది. థామసీన్ అప్పటికే వంతెన వైపు నడిచిపోతోంది. గైల్స్, మరో నలుగురు నేతగాళ్లు ఆమె వెనకే వెళ్లారు. జర్వేస్ టాట్నెల్, మూడుసార్ల పార్లమెంటు సభ్యుడు, లేసు కాలరుతో, బూడిద పార పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్ల మీద పడ్డాడు.

మా ఊళ్లో నిప్పు అడిగితే లేదనరు. శత్రువుకి కూడా ఒక కణిక పారలో వేసి పంపుతారు. అది ఎవరూ లెక్కపెట్టే సాయం కాదు.

డోర్కస్ గుమ్మం ముందు కుండ కుతకుతలాడుతోంది. "అమ్మా డోర్కస్, ఒక్క నిప్పుకణిక తల్లీ. చిన్నదైనా చాలు," అన్నాడు.

"మా పొయ్యి నిప్పుతో మీ కుండ ఉడికితే అది కుండ కాదు కదండీ? దండోరా వేయించారుగా," అంది. అని, కుండకి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

పక్కింట్లో తలుపేసేశారు. ఆ పక్కింటాయన వింటూనే గరిటె తిప్పుకుంటూ ఉండిపోయాడు. స్టకీ దగ్గరికి కూడా వెళ్లాడండీ, పోటీవాడి దగ్గరికి. ఆ మంచివాడు నత్తితో "నే... నేను..." అంటూ ఏదో చెప్పబోయి, చెప్పలేక, తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

వంతెన దగ్గర కాపలావాడు థామసీన్‌ని చూడగానే ఏడ్చేశాడు. "మీ ఆయన చెప్పొద్దన్నారమ్మా. సోమవారం మధ్యాహ్నం దాకా నోరు మూసుకోమన్నారు. చచ్చిపోయాడని చెబితే, ఆయన మొదట అడిగింది ఇంకెవరికైనా తెలుసా అని."

"మా తమ్ముడు ఏమైనా అడిగాడా?"

"ఏమీ అడగలేదమ్మా. చలిగా ఉందన్నాడు. మీరు తెచ్చిన జావకుండ తాగకుండా చాలాసేపు చేతుల్లో పట్టుకుని కూర్చునేవాడు, వెచ్చగా ఉంటుందని."

ఆమె లోపలికి వెళ్లింది. జాబ్ గడ్డి మీద పక్కకి తిరిగి ఉన్నాడు, చిన్నప్పుడు పడుకున్నట్టే. చేతులకి నీలం రంగు ఇంకా వదల్లేదు. ఆ చేతులు తన కాలిన చేతుల్లోకి తీసుకుని, ఎంతసేపు కూర్చుందో నేతగాళ్లలో ఎవరూ చెప్పలేకపోయారు.

కొట్టు తలుపు ఒకటి ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. వంతెన దాటి రంగులద్దే వీధిలోకి తిరిగేసరికి మధ్యాహ్నం గంట కొట్టడం మొదలైంది. కుండల దగ్గరనించి జనం లేచి నిలబడ్డారు. మగాళ్లు టోపీలు తీశారు. ఆడవాళ్లు బయటికి వచ్చి వెనకే నడవడం మొదలుపెట్టారు. ఊరంతా ఇటు వచ్చేసింది.

ఖాళీ పారతో వీధి మధ్య నిలబడి ఉన్న జర్వేస్ ఇది చూశాడు. ఎటు ఎక్కువమంది ఉన్నారో చూడ్డం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పార గోడకి ఆనించాడు. టోపీ తీశాడు. "జాబ్! నా తమ్ముడా!" అని గొంతెత్తి, కళ్లలో నీళ్లు ధారగా కారుతుండగా ఎదురొచ్చి, ఆ తలుపుకి భుజం పట్టబోయాడు. నీళ్లు నిజమైనవే. ఆయనకి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి.

మోసేవాళ్లు ఆగారు. థామసీన్ మొగుడి దగ్గరికి వచ్చి, పెళ్లైన తరవాత మొదటిసారిగా అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏడుపు ఆపండి," అంది. "ఇక్కడ మీకు ఓటేసేవాళ్లెవరూ లేరు."

ఆయన తల తిప్పి జనం మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. తరవాత నిజంగానే ఆపేశాడు.